భారతీయ, పాశ్చాత్య సౌందర్య సిద్ధాంతాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రససిద్ధాంతాన్నీ పాశ్చాత్య కళాతత్త్వాన్నీ పక్కపక్కన పెట్టి చదవడం మొదలుపెట్టినవారికి తరచుగా కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. పోలిక అనగానే రెండు నిలువు గడుల పట్టిక గీసి, ఒకవైపు తూర్పు అనీ మరోవైపు పడమర అనీ రాసుకోవడం పరీక్షల నాటి నుంచి మనకు పట్టుకున్న అలవాటు. ఆ పట్టిక ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో కూడా ఈ సమాధానాల్లో చెప్పడం జరిగింది.

‘ఈస్థెటిక్స్’ అన్న మాటకు మన శాస్త్రాల్లో సమానమైన పదం ఉందా?

సరిగ్గా సమానమైన పాత పదం లేదు. ‘సౌందర్యశాస్త్రం’, ‘కళాతత్త్వం’ అన్నవి ఆధునిక కాలంలో స్థిరపడిన మాటలు. ఆ మాటకొస్తే ‘ఈస్థెటిక్స్’ కూడా అంత పాతదేమీ కాదు. జర్మన్ తత్త్వవేత్త బౌమ్‌గార్టెన్ 1735లో, ఇంద్రియానుభవాన్ని సూచించే గ్రీకు పదం నుంచి దాన్ని తయారుచేసి, 1750లో దాని పేరుతోనే లాటిన్‌లో ఒక గ్రంథం వెలువరించాడు. అంతకు ముందు ప్లేటో అందాన్ని ఒకచోట, కవిత్వాన్ని మరొకచోట చర్చించాడే తప్ప, ఆ రెండూ ఒకే శాస్త్రానికి చెందిన అధ్యాయాలని తలచలేదు.

మన దగ్గర నాటకానికి నాట్యశాస్త్రం, కావ్యానికి అలంకారశాస్త్రం, విగ్రహాలకూ ఆలయాలకూ శిల్పశాస్త్రం, గానానికి సంగీతశాస్త్రం వేరువేరుగా పెరిగాయి. షడ్దర్శనాల్లో ఏదీ సౌందర్యాన్ని ప్రత్యేక పదార్థంగా ఎంచి విచారించలేదు. ‘సౌందర్యమలంకారః’ అని ఆలంకారికుడు వామనుడు సూత్రం రాసినా, ఆయన మాట్లాడుతున్నది కావ్యంలోని సౌందర్యం గురించే గానీ కొండకోనల అందం గురించి కాదు. అందువల్ల ‘భారతీయ సౌందర్యశాస్త్రం’ అని ఇప్పుడు మనం వ్యవహరిస్తున్నది చాలావరకు నాటకాన్నీ కావ్యాన్నీ ఆధారం చేసుకొని పుట్టిన విచారణ అని మొదటే ఒప్పుకోవడం మంచిది.

రెండింటికీ ఉన్న అసలు తేడా ఏమిటి?

‘పాశ్చాత్యులది బాహ్యదృష్టి, మనది ఆధ్యాత్మిక దృష్టి’ అనే జవాబు ఉపన్యాస వేదికల మీద బాగా చెల్లుబాటు అవుతుంది గానీ, గ్రంథాలు తెరిస్తే నిలవదు. 3వ శతాబ్దపు తత్త్వవేత్త ప్లొటైనస్ అందాన్ని అంగాల పొందికగా చెప్పడం చాలదని వాదించి, దాన్ని పరతత్త్వం దాకా తీసుకువెళ్లాడు. ఇటు చూస్తే, రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం అంటూ చిత్రకళకు ఆరు అంగాలు చెప్పే ప్రసిద్ధ శ్లోకం దొరికింది ఏ ఉపనిషత్తులోనో కాదు, కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో.

తేడాను పట్టుకోవడానికి నాలుక దగ్గర మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే రెండు సంప్రదాయాలూ రుచి అన్న ఉపమానాన్నే ఆశ్రయించాయి. ‘రసం అంటే ఏమిటి?’ అని నాట్యశాస్త్రకారుడు భరతుడు తానే ప్రశ్న వేసుకొని, ‘ఆస్వాదించదగినది కాబట్టి రసం’ అని తానే జవాబిస్తాడు. నానావిధ వ్యంజనాలతో సంస్కరించిన అన్నాన్ని తింటూ మంచి మనసున్నవారు రుచులను ఆస్వాదించి హర్షం పొందినట్టే, అభినయంతో కూడిన స్థాయిభావాలను, అంటే మనసులో నిలకడగా ఉండే మూలభావాలను, ప్రేక్షకులు ఆస్వాదిస్తారని ఆయన వివరణ.

1757లో స్కాట్లాండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ అభిరుచికి ప్రమాణం ఉందా అని విచారిస్తూ, డాన్ క్విక్సోట్ కథలోని సాంకో చెప్పిన ఒక ముచ్చటను ఉదాహరిస్తాడు. సాంకో బంధువులు ఇద్దరిని ఒక పీపాలోని ద్రాక్షసారాయి రుచి చూడమన్నారు. ఒకడు బాగుంది గానీ కాస్త తోలు రుచి తగులుతోందన్నాడు, మరొకడు ఇనుము రుచి తగులుతోందన్నాడు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. తీరా పీపా ఖాళీ చేస్తే అడుగున తోలుపటకా కట్టిన ఇనుప తాళంచెవి బయటపడింది.

రెండు కథల్లోనూ ఉన్నది నాలుకే. అయితే భరతుడు చూస్తున్నది తిన్నవాడి మనసు ఎలా నిండిందో, హ్యూమ్ చూస్తున్నది ఎవడి నాలుక సరిగ్గా కనిపెట్టిందో. మొదటి కథలో ఉన్నవాడు భోక్త, రెండో కథలో ఉన్నవాడు పరీక్షకుడు. ఐరోపాలో ‘టేస్ట్’ అన్న మాట 18వ శతాబ్దంలో తీర్పు చెప్పే శక్తికి పేరైతే, ఇక్కడ ‘రసం’ అన్న మాట ఆస్వాదానికే పేరుగా మిగిలిపోయింది.

రసం అంటే భావోద్వేగమే కదా, దానికి మళ్ళీ వేరే పేరు ఎందుకు?

భావోద్వేగం వేరు, రసం వేరు. ఈ ఒక్క విషయం తేలకపోతే రససిద్ధాంతంలో ఏదీ తేలదు. మనిషి జీవితంలో రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం అనే 8 స్థాయిభావాలు ఉంటాయి. వాటి మీద అలలలా వచ్చిపోయే వ్యభిచారిభావాలు 33, శరీరంలో పైకి కనిపించే సాత్త్విక భావాలు 8, వెరసి 49 అని భరతుడి లెక్క. విభావాలు (భావానికి కారణాలు), అనుభావాలు (భావాన్ని పైకి తెలిపే చేష్టలు), వ్యభిచారిభావాలు కలిసినప్పుడు రసనిష్పత్తి, అంటే రసం సిద్ధించడం, జరుగుతుందని ఆయన సూత్రం. శోకం జీవితంలో కలుగుతుంది, కరుణ రంగస్థలం ఎదుట కలుగుతుంది.

10, 11 శతాబ్దాల సంధిలో కాశ్మీరంలో జీవించిన అభినవగుప్తుడు దీన్ని వివరించడానికి శాకుంతలం మొదటి అంకంలోని లేడి పద్యాన్ని తీసుకున్నాడు. దుష్యంతుడి రథం తరుముకొస్తుండగా, లేడి మెడను అందంగా వంచి మాటిమాటికీ వెనక్కి చూస్తుంది. బాణం ఎక్కడ తగులుతుందోనని వెనుక శరీరాన్ని ముందు శరీరంలోకి ముడుచుకుంటుంది. అలసటతో తెరుచుకున్న నోటి నుంచి సగం నమిలిన దర్భలు దారి పొడవునా రాలిపోతుంటాయి. ఈ పద్యం చదివేటప్పుడు ‘నేను భయపడుతున్నాను’ అని మనకు అనిపించదు. ‘ఆ లేడి భయపడుతోంది, పాపం’ అన్న తలపు కూడా కాదు. ఎవరిదీ కాని, ఏ కాలానికీ ఏ చోటుకూ కట్టుబడని భయం ఒకటి కళ్ళ ముందు తిరుగాడుతున్నట్టు ఉంటుంది. దాన్ని నమిలి ఆస్వాదించడమే భయానక రసం. నమలడం అన్నది నా మాట కాదు, ‘చర్వణ’ అన్నది శాస్త్రకారులు వాడిన పదమే.

20వ శతాబ్దంలో కృష్ణచంద్ర భట్టాచార్య 1930 నాటి తన వ్యాసంలో దీనికి ఇంకో ఉదాహరణ ఇచ్చాడు. బొమ్మతో ఆడుకునే పిల్లవాడి సంతోషం మొదటి మెట్టు. మనవణ్ణి చూసి మురిసే తాతది రెండో మెట్టు. ఆ తాత మురిపాన్ని దూరం నుంచి చూసి ఆనందించే మూడో మనిషి ఉన్నాడే, అతడిది రసానుభవం.

ప్లేటో, అరిస్టాటిల్ చెప్పిన ‘మైమెసిస్’, మన ‘అనుకరణం’ ఒకటేనా?

మాటలు దగ్గరగా ఉన్నాయి, ప్రశ్నలు దగ్గరగా లేవు. ప్లేటో రిపబ్లిక్ 10వ భాగంలో మూడు మంచాల గురించి చెబుతాడు. మంచం అనే భావం ఒకటి, దాన్ని చూసి వడ్రంగి చేసిన మంచం రెండోది, వడ్రంగి చేసినదాన్ని చూసి చిత్రకారుడు గీసినది మూడోది. చిత్రం సత్యానికి అంత దూరం కాబట్టి దానికి విలువ తక్కువ. అరిస్టాటిల్ అనుకరణాన్ని మానవ స్వభావంగా గుర్తించి ఈ కళంకాన్ని చాలావరకు తుడిచేశాడు. చరిత్ర జరిగినదాన్ని చెబితే, కవిత్వం జరగగలదాన్ని చెబుతుందనీ, అందుకే కవిత్వం తత్త్వానికి దగ్గరిదనీ వాదించాడు.

ఇక్కడ రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి చూడటం ఉపయోగకరం. రోమన్ రచయిత ప్లినీ చెప్పిన కథలో జ్యూక్సిస్ అనే గ్రీకు చిత్రకారుడు ద్రాక్షపళ్ళు గీస్తే పక్షులు వచ్చి పొడిచాయి. అతడు గర్వంతో, ప్రత్యర్థి పర్‌హేసియస్‌ను తెర తొలగించి చిత్రం చూపమన్నాడు. ఆ తెరే చిత్రమని తేలాక, తాను పక్షులను మాత్రమే మోసగించాననీ, అతడు చిత్రకారుణ్ణే మోసగించాడనీ ఓటమి ఒప్పుకున్నాడు. రెండో బొమ్మ, భరతుడి వ్యాఖ్యాత శ్రీశంకుకుడు చెప్పిన చిత్రతురగం. బొమ్మలోని గుర్రాన్ని చూసి మనం ‘గుర్రం’ అంటాం. అది నిజమైన గుర్రమన్న జ్ఞానం కాదు, భ్రాంతి కాదు, గుర్రమా కాదా అన్న సందేహం కాదు, గుర్రంలాంటిది అన్న పోలిక కూడా కాదు. ఈ నాలుగింటికీ భిన్నమైన ఒక వింత ప్రతీతి. రంగస్థలం మీది నటుణ్ణి ‘రాముడు’ అనుకోవడం కూడా అలాంటిదే అంటాడు శంకుకుడు. మోసపోవడం గొప్ప అని గ్రీకు కథ మెచ్చుకుంటుంటే, ఇక్కడ మోసం ప్రసక్తే లేకుండా కళాప్రతీతికి ఒక ప్రత్యేక స్థానం కల్పించడం జరిగింది. గ్రీకుల్లో అందరూ మోసాన్నే మెచ్చారని దీని అర్థం కాదు, ప్లేటో కోపమంతా ఆ మోసం మీదే.

శంకుకుడి వాదం కూడా ఇక్కడ చివరిమాట కాలేదు. అభినవగుప్తుడి గురువు భట్టతౌతుడు దాన్ని గట్టిగా ఖండించాడు. రాముడి ప్రేమను చూసినవాడెవడూ లేనప్పుడు, నటుడు చూపేది దానికి అనుకరణమని ఎవరు చెప్పగలరన్నది ఆయన ప్రశ్నల్లో ఒకటి. ఈ ప్రశ్నకు నాకు ఇప్పటిదాకా సరైన ఎదురుజవాబు కనిపించలేదు.

విషాదగాథలు చూసి ఎందుకు ఆనందిస్తాం? ‘కథార్సిస్’, కరుణరసం ఒకే జవాబా?

ప్రశ్న ఒకటే, జవాబులు రెండు. ట్రాజెడీ జాలినీ భయాన్నీ రేకెత్తించి, అలాంటి భావాలకు కథార్సిస్ కలిగిస్తుందని అరిస్టాటిల్ తన నిర్వచనంలో ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నాడు. దాన్ని విరేచనం అని వైద్యపరంగా తీసుకోవాలా, శుద్ధి అని నైతికంగా తీసుకోవాలా అన్న వాదం శతాబ్దాలుగా నడుస్తూనే ఉంది. ఎలా తీసుకున్నా, భావం ఒక భారం, నాటకం దాన్ని సరిచేసే పని అన్న ఊహ దాని వెనుక ఉంది.

అభినవగుప్తుడి దారిలో సరిచేయాల్సిన భారమేమీ లేదు. ‘నాది’ అన్న ముడి విడిపోయిన శోకం బాధించదు, చైతన్యం తన విశ్రాంతిని తానే ఆస్వాదిస్తుంది. అయితే రసమంతా ఆనందమేనని మన ఆలంకారికులందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారని మాత్రం అనుకోకూడదు. 12వ శతాబ్దపు జైన పండితులు రామచంద్ర గుణచంద్రులు రసం సుఖదుఃఖాత్మకమని నాట్యదర్పణంలో ఖచ్చితంగా చెప్పారు. కరుణ, రౌద్ర, భయానక, బీభత్సాలు బాధించేవేననీ, కవి నైపుణ్యమూ నటుడి కౌశలమూ కలిగించే చమత్కారం వల్లనే ప్రేక్షకుడు వాటి వైపు వెళ్తాడనీ వారి వాదం. చచ్చిన శవాల, నీచ జంతువుల రూపాలను కూడా కచ్చితంగా గీసిన బొమ్మల్లో చూసి సంతోషిస్తామన్న అరిస్టాటిల్ మాటకు ఇది చాలా దగ్గర. పట్టికలో గడులు మార్చి రాయాల్సిన చోటు ఇది.

సంస్కృతంలో ట్రాజెడీ ఎందుకు లేదు?

నాయకుడి వధను చూపరాదన్న నియమం దశరూపకం వంటి లక్షణగ్రంథాల్లో ఉంది, నాటకాలు చాలావరకు శుభాంతాలే. 1912లో తిరువనంతపురంలో గణపతిశాస్త్రి ప్రకటించడం మొదలుపెట్టిన భాసనాటకాల్లోని ఊరుభంగం మాత్రం తొడలు విరిగిన దుర్యోధనుడి మరణంతో ముగుస్తుంది. భవభూతి ‘ఏకో రసః కరుణ ఏవ’ అనిపించాడు గానీ, ఉత్తరరామచరితాన్ని సీతారాముల పునస్సమాగమంతోనే ముగించాడు. దుఃఖం అంచుల దాకా వెళ్లే పని నాటకానికి బదులు ఇతిహాసాలు చేశాయి. ఆనందవర్ధనుడి దృష్టిలో రామాయణానికి ప్రధానరసం కరుణ, అందరూ నశించిపోయే భారతానికి శాంతం.

ధ్వనికి సమానమైనది పాశ్చాత్య సాహిత్య సిద్ధాంతంలో ఉందా?

ధ్వని అంటే పైకి చెప్పిన అర్థం వెనుక స్ఫురించే వేరే అర్థం. 9వ శతాబ్దపు ఆనందవర్ధనుడి అంత విస్తారంగా, అంత నిశితంగా అన్యార్థ స్ఫురణను విచారించినవారు ప్రాచీన ఐరోపాలో కనిపించరు. ఆయన చూపిన ఉదాహరణల్లో ఒకటి మన గోదావరి తీరానిదే. హాలుడి గాథాసప్తశతిలోని ఆ ప్రాకృత గాథలో ఒక యువతి పూలు కోసుకోవడానికి వచ్చే భక్తుడితో ఇలా అంటుంది: “స్వామీ, ఇక నిశ్చింతగా తిరగండి. ఆ కుక్కను గోదావరి ఒడ్డు పొదలో ఉండే మదించిన సింహం ఇవాళ చంపేసింది.” వాక్యం తిరగమంటోంది. కుక్కకే జడిసే భక్తుడు సింహం పేరు విన్నాక ఆ చాయలకు వస్తాడా? ఆ పొద ఆమె ప్రియుణ్ణి కలుసుకునే చోటు. విధి రూపంలో ఉన్న వాక్యం నిషేధాన్ని ధ్వనిస్తోంది.

20వ శతాబ్దంలో పాల్ గ్రైస్ అనే తత్త్వవేత్త, చెప్పిన మాటకూ ఉద్దేశించిన అర్థానికీ మధ్య ఉండే ఎడాన్ని సంభాషణ నియమాలతో వివరించాడు. పై గాథను ఆ పద్ధతిలోనూ విప్పవచ్చు. కానీ గ్రైస్‌కు కావలసింది అర్థం ఎలా అందుతుందన్నది మాత్రమే, ఆనందవర్ధనుడికి కావలసింది అలా అందినప్పుడు ఎందుకు అందంగా ఉంటుందన్నది. స్త్రీలలో అవయవాలకు మించి మెరిసే లావణ్యంలా మహాకవుల మాటల్లో ప్రతీయమానార్థం, అంటే స్ఫురించే అర్థం, వేరే వస్తువై భాసిస్తుందని ఆయన కారిక.

కాంట్ చెప్పిన ‘ప్రయోజనాపేక్ష లేని ఆనందం’, మన సాధారణీకరణం ఒకటేనా?

ఎక్కువమంది ఒకటేనని రాసేది ఇక్కడే, ఎక్కువ జాగ్రత్త అవసరమైనదీ ఇక్కడే.

1790 నాటి గ్రంథంలో జర్మన్ తత్త్వవేత్త కాంట్ ఒక రాజభవనాన్ని ఉదాహరణగా తీసుకుంటాడు. అది అందంగా ఉందా అని అడిగితే, ఒకడు ఇలాంటివి నోరెళ్ళబెట్టి చూడటానికే కట్టారని విసుక్కోవచ్చు, మరొకడు ప్రజల చెమటను ఇలా తగలేశారని మండిపడవచ్చు. ఆ మాటలు సరైనవే కావచ్చు, కానీ అడిగిన ప్రశ్నకు జవాబులు కావు. ఆ భవనం నాకు దక్కుతుందా, అది ఉండటం మంచిదా అన్నవి పక్కన పెట్టి, చూసినంత మాత్రాన కలిగే ఆనందం గురించే ప్రశ్న. రససిద్ధాంతాన్ని వివరించినవారిలో ఒకడైన భట్టనాయకుడి సాధారణీకరణం, అంటే భావాన్ని ఏ ఒక్కరిదీ కాకుండా అందరిదిగా చేయడం, కూడా ‘నాది, పరాయిది’ అన్న పట్టును సడలిస్తుంది. ఇంతవరకు పోలిక నిజమే.

తర్వాత దారులు చీలిపోతాయి. కాంట్‌కు అందం రూపానిది. ఆకర్షణలూ భావావేశమూ తోడైతే గానీ తృప్తిపడని అభిరుచి ఇంకా అనాగరిక దశలోనే ఉందని ఆయన నిస్సంకోచంగా రాశాడు. రససిద్ధాంతంలో భావాన్ని తీసేస్తే మిగిలేది ఏమీ లేదు. కాంట్ భావాన్ని వడగట్టి పారబోస్తాడు, భట్టనాయకుడు భావంలోని ‘నేను’ను వడగట్టి భావాన్ని ఉంచుకుంటాడు.

సాధారణీకరణానికి కాంట్ కన్నా దగ్గరివాడు ఎడ్వర్డ్ బులో అని నాకు అనిపిస్తుంది. 1912లో ఆయన ‘మానసిక దూరం’ గురించి రాస్తూ, భార్యను అనుమానించే భర్త ఒథెల్లో నాటకానికి వెళితే ఏమవుతుందో చెప్పాడు. నాటకంలోని పరిస్థితి తన పరిస్థితికి ఎంత దగ్గరైతే అంత బాగా ఆస్వాదించాలి కదా? తీరా అతడికి ఒథెల్లో కనిపించడు, తన భార్యే కనిపిస్తుంది. అభినవగుప్తుడు రసానికి అడ్డుపడే 7 విఘ్నాలను లెక్కించినప్పుడు వాటిలో సొంత సుఖదుఃఖాల్లో మునిగి ఉండటం ఒకటి. ఆయన రోగం పేరు చెప్పి ఊరుకోలేదు, మందు కూడా చెప్పాడు. నాటకానికి ముందు, మధ్య వచ్చే గీతవాద్యాలు, రంగమండపం అలంకరణ వంటివి ప్రేక్షకుణ్ణి అతడి ఇంటి గొడవల నుంచి మెల్లగా విడదీస్తాయట. నాటకానికి ముందు జరిగే పూర్వరంగం అంతసేపు ఎందుకని విసుక్కునేవారికి ఇది మంచి సమాధానం.

అందం వస్తువులో ఉందా, చూసేవారి కంటిలో ఉందా?

రెండు చోట్లా రెండు వాదాలూ ఉన్నాయి. ‘లోకో భిన్నరుచిః’ అని మనం తరచుగా అనే మాట రఘువంశంలోని ఇందుమతీ స్వయంవరం నుంచి వచ్చింది. ఆమె అంగరాజును దాటి ముందుకు సాగుతుంది. అతడు కోరదగనివాడు కాడు, ఆమెకు సరిగ్గా చూడటం రాకపోలేదు, లోకం భిన్నరుచి గలది అంతే, అంటాడు కాళిదాసు. ఇద్దరిలో ఎవరికీ లోపం అంటకుండా రుచిభేదాన్ని ఒప్పుకున్న ఈ తీరు నాకు చాలా ఇష్టం.

కానీ ఏ రుచి అయినా సమానమేనని అటు హ్యూమ్ గానీ ఇటు అభినవగుప్తుడు గానీ అనలేదు. హ్యూమ్ దృష్టిలో మంచి విమర్శకుడికి గట్టి వివేకం, సున్నితమైన స్పందన, అభ్యాసం, పోల్చి చూసిన అనుభవం, పక్షపాతం లేకపోవడం ఉండాలి. అభినవగుప్తుడి దృష్టిలో కావ్యాలను చదివి చదివి మనసు అనే అద్దం నిర్మలమై, వర్ణించిన వస్తువుతో తన్మయం కాగల యోగ్యత ఉన్నవాడు సహృదయుడు. అభ్యాసం ఇద్దరికీ కావాలి. తేడా ఏమిటంటే, హ్యూమ్ విమర్శకుడు వివాదం తీర్చే పెద్దమనిషి. సహృదయుడు పెద్దమనిషి కాదు, కవికి సగపాలు. ఆనందవర్ధనుడి గ్రంథానికి అభినవగుప్తుడు రాసిన లోచన వ్యాఖ్య మొదటి శ్లోకంలో సరస్వతీ తత్త్వానికి ‘కవి సహృదయం’ అని జంటపేరు పెట్టడం ఊరికే జరిగింది కాదు.

1930 జూలైలో బెర్లిన్ దగ్గరి కాపుత్ గ్రామంలో టాగూర్, ఐన్‌స్టైన్ కలుసుకున్నప్పుడు కూడా ఈ ప్రశ్న వచ్చింది. మనుషులే లేకపోతే బెల్వెడేర్‌లోని అపోలో విగ్రహం అందంగా ఉండదా అని ఐన్‌స్టైన్ అడిగితే, ఉండదన్నాడు టాగూర్. అందం విషయంలో ఐన్‌స్టైన్ ఒప్పుకున్నాడు, సత్యం విషయంలో మాత్రం ఒప్పుకోలేదు.

కళకు ప్రయోజనం ఉండాలా?

ఆలంకారికుడు మమ్మటుడు కావ్యానికి కీర్తి, ధనం, లోకజ్ఞానం, అమంగళ నివారణ, తక్షణమే కలిగే పరమానందం, ప్రియురాలి మాటలాంటి ఉపదేశం అని ఆరు ప్రయోజనాలు చెప్పాడు. వేదం ప్రభువులా ఆజ్ఞాపిస్తుంది, పురాణం మిత్రుడిలా నచ్చజెబుతుంది, కావ్యం కాంతలా ఒప్పిస్తుందన్న వివరణ అక్కడిదే. కవులను నగరం నుంచి పంపించేయాలన్న ప్లేటో తీవ్రత గానీ, ‘కళ కళ కోసమే’ అన్న 19వ శతాబ్దపు ఐరోపా తీవ్రత గానీ ఇక్కడ బలపడలేదు. ధనాన్ని ఆ జాబితాలో రెండోదిగా నిస్సంకోచంగా చేర్చడం గమనించదగ్గది.

‘సబ్లైమ్’ అన్న భావన మనకు ఉందా?

పేరు పెట్టి వేరుచేసిన సిద్ధాంతం లేదు, అనుభవం మాత్రం నిస్సందేహంగా ఉంది. 1757లో బర్క్, తర్వాత కాంట్ అందాన్నీ సబ్లైమ్‌నూ వేరు చేశారు. మీదికి ఒరిగిన కొండచరియలు, ఉరుముల మేఘాలు, అగ్నిపర్వతాలు, పొంగే సముద్రం మనల్ని అల్పులుగా చూపుతాయి. అయినా సురక్షితమైన చోట నిలబడి చూసేటప్పుడు, ప్రకృతికి లొంగని వివేకం ఒకటి మనలో ఉందని తెలిసి ఉప్పొంగుతామని కాంట్ అంటాడు. గీత 11వ అధ్యాయంలో విశ్వరూపాన్ని చూసిన అర్జునుడికీ ఒకేసారి హర్షమూ భయమూ కలుగుతాయి. కానీ ఆ అనుభవం చివర కాంట్ మనిషి తలెత్తుకుంటాడు, అర్జునుడు చేతులు జోడించి పాత రూపమే చూపమని వేడుకుంటాడు.

మనుచరిత్రలోని ‘అటఁజని కాంచె’ పద్యం మూడో దారి. ఆకాశాన్ని ముద్దాడే శిఖరాల నుంచి దూకే సెలయేళ్ళ తరంగాలు మృదంగాల్లా మోగుతుంటే, ఆ మోతకు నెమళ్ళు పురివిప్పి ఆడుతుంటాయి, చరియల్లో తిరిగే ఏనుగుల తొండాల తాకిడికి మద్దిచెట్లు కంపిస్తుంటాయి. ఊపిరి తిప్పుకోనివ్వని ఆ సుదీర్ఘ సమాసమే కొండ ఎత్తును చెవికి వినిపిస్తుంది. ఇంత పెద్ద కొండ ఎదుట ప్రవరుడికి భయం కలగదు, కలిగేది అద్భుతం. అందుకే ‘సబ్లైమ్’ను ‘ఉదాత్తం’ అని అనువదించినప్పుడల్లా, అందులోని భయం జారిపోతుందన్న సంగతి మరిచిపోకూడదు.

రససిద్ధాంతం శిల్పానికీ చిత్రానికీ వర్తిస్తుందా?

పాక్షికంగా వర్తిస్తుంది. విష్ణుధర్మోత్తర పురాణంలో వజ్రరాజు విగ్రహ నిర్మాణం నేర్పమంటే, చిత్రం తెలియనిదే అది తెలియదంటాడు మార్కండేయుడు. చిత్రానికి నృత్యం, నృత్యానికి వాద్యం, వాద్యానికి గీతం తెలియాలంటూ రాజును వెనక్కి వెనక్కి తీసుకువెళతాడు. అదే గ్రంథం చిత్రాలకు రసాలను కూడా విభజించి చెప్పింది. అయితే శిల్పి పనిలో రోజూ చేతికి వచ్చేది రసం కన్నా ముందు తాళమానం, అంటే ముఖం పొడవును కొలతగా తీసుకొని విగ్రహం మొత్తాన్ని లెక్కగట్టే పద్ధతి. గ్రీకు శిల్పి పాలిక్లైటస్ కూడా అంగాల నిష్పత్తులను ఒక గ్రంథంలో స్థిరపరిచాడు. కొలతల పిచ్చి ఒక్క పడమటిదే కాదు.

భారతీయ విగ్రహాలను గ్రీకు కొలబద్దతో కొలిచినందువల్ల జరిగిన అన్యాయానికి 1910 నాటి ఘటన చాలు. లండన్‌లో జరిగిన ఒక సభలో జార్జ్ బర్డ్‌వుడ్ ఒక ధ్యానబుద్ధ విగ్రహాన్ని గురించి, నిర్వికార ప్రశాంతతకు కొవ్వు కలిపి ఉడికించిన పిండిముద్ద అయినా ఇంతే చక్కని చిహ్నమవుతుందన్నాడు. దాని మీద వచ్చిన నిరసనే ఆ ఏడాది ఇండియా సొసైటీ స్థాపనకు దారితీసింది. కళావిమర్శకులు హేవెల్, ఆనంద కుమారస్వామి ఈ అవమానానికి పాండిత్యంతో జవాబిచ్చారు. కానీ జవాబు వేడిలో వారు మరో చివరకు జరిగి, భారతీయ శిల్పులందరినీ పేరు కోరని యోగులుగా చిత్రించారు. సోమనాథపురం గోడల మీద మల్లితమ్మ తన పేరు చెక్కుకున్నాడు. పట్టదకల్లు విరూపాక్షాలయాన్ని కట్టిన గుండ ‘అనివారితాచారి’ అన్న బిరుదుతో శాసనానికెక్కాడు. వారికి పేరు మీద ఆశ లేదని మనం వారి తరఫున చెప్పనక్కరలేదు.

ఒకరి ప్రభావం మరొకరి మీద ఉందా?

శాకుంతలాన్ని విలియం జోన్స్ 1789లో ఇంగ్లీషులోకి, దాని నుంచి ఫోర్‌స్టర్ 1791లో జర్మన్‌లోకి తెచ్చాక గోథే పరవశించి పద్యం రాశాడు. షోపెన్‌హవర్ ఉపనిషత్తులను పారసీ నుంచి చేసిన లాటిన్ అనువాదంలో చదివాడు. కళ ముందు నిలబడ్డ క్షణంలో కోరికల గానుగ ఆగిపోతుందన్న ఆయన మాట మనకు పరిచితంగా వినిపించడానికి అది ఒక కారణం కావచ్చు. హెగెల్ మాత్రం భారతీయ కళను ‘ప్రతీకాత్మకం’ అనే తొలి మెట్టు మీదే నిలబెట్టి, రూపం భావానికి సరిపడని ఊహాజాలంగా తేల్చేశాడు. రససిద్ధాంత గ్రంథాలేవీ ఆయన చూడలేదు. 1919లో టి.ఎస్. ఎలియట్ ప్రతిపాదించిన ‘ఆబ్జెక్టివ్ కోరిలేటివ్’, అంటే ఒక భావాన్ని రేకెత్తించే వస్తువుల, ఘటనల కూర్పు, విభావాదులను గుర్తుకు తెస్తుంది గానీ, పోలిక ఉన్నంత మాత్రాన అరువు అనుకోరాదు.

ఆధునిక కళకు రససిద్ధాంతం పనికివస్తుందా?

1917లో మార్సెల్ డుషాంప్ కొనుక్కొచ్చిన మూత్రశాల పాత్రను ‘ఫౌంటెన్’ అని ప్రదర్శనకు పంపాడు. 1964లో ఆండీ వార్హోల్ చేసిన సబ్బు పెట్టెలను చూసి, దుకాణంలోని పెట్టెలకూ వీటికీ కంటికి తేడా లేనప్పుడు ఇవే ఎందుకు కళ అని ఆర్థర్ డాంటో అడిగాడు. కంటితో తేల్చలేనిది కళాచరిత్ర, సిద్ధాంతాల వాతావరణం వల్ల తేలుతుందన్నది ఆయన సమాధానం. ఇక్కడ రససిద్ధాంతానికి కొంత ఇబ్బంది ఉంది. ఆ పెట్టెల ముందు నిలబడి స్థాయిభావాన్ని వెతకడం వృథాశ్రమ. అద్భుతమో హాస్యమో అని సర్దిచెప్పేవారున్నారు గానీ, అది సిద్ధాంతాన్ని కాపాడటానికి చేసే సర్దుబాటు మాత్రమే.

అయితే ‘ఇది కళేనా?’ అన్న ప్రశ్న ఆలంకారికులకు కొత్త కాదు. అక్షరాల గారడీలతో, పద్మబంధ ఖడ్గబంధాలతో నిండి, రసభావాల తాత్పర్యం లేని రచనలు ఆనందవర్ధనుడి కాలానికే విస్తారంగా ఉన్నాయి. వాటికి ఆయన ‘చిత్రం’ అని పేరు పెట్టి, ఇది ముఖ్యమైన కావ్యం కాదు, కావ్యానికి అనుకరణం అన్నాడు. అలా అన్నా, వాటిని తన గ్రంథం నుంచి గెంటివేయలేదు. ధ్వని, గుణీభూతవ్యంగ్యం (స్ఫురించే అర్థం అప్రధానంగా ఉండే కావ్యం) తర్వాత మూడో స్థానం ఇచ్చి, తన చర్చలోనే కూర్చోబెట్టాడు.